డిసెంబరం రంగు బల్లి, ఆగని ట్యాంకరు

కదిరి పూలకట్ట వీధికి ఎండాకాలంలో ట్యాంకరు రోజు మార్చి రోజు వస్తుంది. ముందు హారన్ వినిపిస్తుంది. బిందెలు, డ్రమ్ములు, పెయింటు డబ్బాలు గడపలు దాటి వీధిలోకి వస్తాయి. డ్రైవరు దేవేంద్ర ప్రతి ఇంటి ముందూ బండి ఆపి పైపు వదులుతాడు. కన్యకమ్మ ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆపడు. పైపు మడిచి పట్టుకొని, తరువాతి ఇంటికి పోతాడు. ఆ గడప దాటేటప్పుడు మొగం అవతలికి తిప్పుకుంటాడు. సిగ్గు అనుకుందాం. ఎండ అయినా కావచ్చు.

రెండు ఎండాకాలాలు ఇట్లే జరిగింది. మొదట్లో కన్యకమ్మ అందరితో పాటు బిందెలు బయట పెట్టింది. తరువాత పెట్టడం మానేసింది. ఎందుకు ఆపలేదని ఎవరినీ అడగలేదు. ఎందుకో ఆమెకు తెలుసు. వీధి నీళ్ళ కమిటీ బాదం చెట్టు కింద కూర్చొని ఒక తీర్మానం చేసింది. ఇంట్లో జంతువులకు నీళ్ళు పోసేవాళ్ళకు ట్యాంకరు నీళ్ళు లేవు, అని.

ఆ వీధిలో ఆవులున్న ఇండ్లు ఉన్నాయి. ఆవులు జంతువుల కిందికి రావని కమిటీ పెద్ద రామలింగయ్య వివరణ ఇచ్చినాడు. ఆయన గుడ్డల అంగడి యజమాని, కొలత తెలిసిన మనిషి. ఆయన ఇంటి కుక్కలు కాపలా కిందికి వస్తాయి. ఆయన కారు కడగడం శుభ్రత కిందికి వస్తుంది. ఇవన్నీ తీసివేయగా వీధిలో మిగిలిన జంతువులు కన్యకమ్మ ఇంట్లోవే.

అవి ఆక్సోలాటల్స్, చల్లని నీళ్ళలో బతికే కప్పజాతి జీవాలు. వీధి వాటికి నీళ్ళబల్లులని పేరు పెట్టింది.

కన్యకమ్మది పూల వ్యాపారం. కదిరి మల్లెలు బెంగళూరు దాకా పోతాయని అందరికీ తెలుసు. ఎట్లా పోతాయో తెలిసినవాళ్ళు తక్కువ. తెంపిన క్షణం నుంచి మొగ్గ విచ్చుకోవాలనే చూస్తుంది. దానికి వేరే పని లేదు. బెంగళూరులో ఎవరి జడలోకో చేరేదాకా దాన్ని విచ్చుకోనీయకుండా ఆపడమే పూలవాళ్ళ పని. తడి గోనెపట్టా, ఐసుగడ్డ, థర్మాకోల్ పెట్టె, గాలి ఏ పక్కనుంచి తోలుతుందో కనిపెట్టే చేయి, ఇంతే సరంజామా. భర్త రాజేంద్ర బస్టాండు దగ్గర పూలంగట్లో కూర్చుంటాడు. ఇంట్లో మొగ్గల్ని ఆపే పని కన్యకమ్మది. ఎదురింటి బయమ్మ వచ్చి మొగ్గలు ఏరి, మిగిలిన పొద్దంతా తన గడప మీద కూర్చొని మాలలు కడుతుంది.

కరోనాకు ముందు ఏడు, ఒక పొద్దున బెంగళూరు బస్సులో తిరిగొచ్చిన ఖాళీ పెట్టెల్లో ఒకటి ఖాళీగా లేదు. మూత తీస్తే నీళ్ళు నింపిన కవరు. కవరులో రెండు జీవాలు. వేలెడంత పొడుగు, నాలుగు కాళ్ళు, తోక, మెడకు రెండు పక్కలా పట్టుకుచ్చుల మాదిరి మూడేసి మొప్పలు. ఒకటి పాలతెలుపు, ఒకటి బురదనలుపు. రెండింటి మొగాలూ నవ్వుతున్నట్టే ఉన్నాయి.

అత్త సుబ్బలక్ష్మమ్మ దూరం నుంచే చూసింది. "సచ్చి కూడా నవ్వుతాండేది ఏమే ఇది?"

"సావలేదత్తా. కుచ్చులు కదుల్తాండాయి."

పెట్టె మీద ఉన్న నంబరుకు ఫోను చేస్తే బెంగళూరులో భరత్‌కుమార్ అనే పెంపుడుచేపల అంగడాయన ఎత్తినాడు. అదే బస్సులో, అదే రకం పెట్టెలో, అనంతపురం కస్టమరుకు ఆక్సోలాటల్ పిల్లలను పంపినాడంట. కదిరిలో దింపేటప్పుడు పెట్టెలు తారుమారైనాయి. అనంతపురం కస్టమరుకు మల్లెపూల వాసన వచ్చే ఖాళీ పెట్టె చేరింది.

"అమ్మా, ఒక్క రాత్రి వాటిని చల్లగా పెట్టండి, చాలు," అన్నాడు భరత్‌కుమార్.

"చల్లగా పెట్టేది మా ఇంటి పనే లేప్పా," అంది కన్యకమ్మ.

మొగ్గలకు చేసినట్టే చేసింది. గిన్నె చుట్టూ తడి గోనెపట్టా చుట్టి, గాలి తోలే కిటికీ పక్కన, ఎండ తగలని మూల పెట్టింది. పొద్దున్నే ఫోను చేస్తే భరత్‌కుమార్ మాట నీళ్ళు నమిలినట్టు ఉంది. "అవి దారిలోనే సచ్చిపోయినాయని కస్టమరుకు చెప్పేసినా అమ్మా. ఇప్పుడు బతికుండాయంటే నా మాట పోతాది. మీరే పెట్టుకోండి."

ఆ విధంగా, ఒక మనిషి మాట పోకూడదని, కన్యకమ్మ ఇంట్లో రెండు జీవాలు ఉండిపోయినాయి.

మొదట్లో ఆమె చేయని తప్పు లేదు. అద్దాల తొట్టె కొని, అందంగా ఉంటుందని అడుగున మద్దిలేరు గులకరాళ్ళు పరిచింది. ఆ ఏటిలో నీళ్ళు లేకపోయినా రాళ్ళకు కొదవలేదు. నల్లది ఒక రాయిని తిండి అనుకొని మింగేసింది. తల కిందికి, తోక పైకి పెట్టి రోజంతా తేలింది. నవ్వు మాత్రం మానలేదు. ఎట్లో రాయి బయటపడింది. ఆ పూటే రాళ్ళన్నీ వీధిలో పడినాయి.

తిండి పెద్ద చిక్కు. అవి తినేది వానపాములు. ఆ ఇంట్లోకి కోడిగుడ్డు కూడా వచ్చిన చరిత్ర లేదు.

"ఇన్ని తరాల నుంచి గుడ్డు తాకలేదు మనం. నువ్వేమో ఏకంగా పాముల్నే తెచ్చినావు," అంది సుబ్బలక్ష్మమ్మ.

"వానపాములత్తా."

"వాన యాడుండాది ఈడ, వానపాములుండేదానికి?"

ఆమె అన్నది నిజమే. కదిరి మట్టిలో వానపాము దొరకడం కష్టం. కన్యకమ్మ పెరటి వరండాలో పాత టబ్బు పెట్టి, వాడిపోయిన పూలు, తెగిన తొడిమలు, అరటినార అందులో కుక్కి, బయమ్మ పుట్టింటి ఊరి నుంచి తెచ్చిన పాముల్ని వదిలింది. అమ్ముడుపోని మల్లెలు తిని అవి బలిసినాయి. మొదట్లో కన్యకమ్మ కండ్లు మూసుకుంటే బయమ్మ వాటిని తొట్టెలో వేసేది. తరువాత కన్యకమ్మ కండ్లు తెరిచే వేసింది. సుబ్బలక్ష్మమ్మ చివరకు ఒక షరతు మీద ఒప్పుకుంది. ఏకాదశి నాడు ఈ ఇంట్లో ఎవురికీ హింస వద్దు. అప్పటినుంచి ఏకాదశికి ఆక్సోలాటల్స్ కూడా ఉపవాసమే. ఈ సంగతి విని భరత్‌కుమార్ మెచ్చుకున్నాడు. పెద్దవాటికి రోజూ తిండి పెట్టకూడదంట. నడుమనడుమ కడుపు ఎండకడితేనే ఒంటికి మంచిదంట.

ఆయనే ఇంకో సంగతి చెప్పినాడు. తోక ఊడి కప్పయిపోయే కప్పపిల్ల మాదిరి ఇది మారదంట. పెద్దదవుతుంది, గుడ్లు పెడుతుంది, కానీ పసితనపు కుచ్చులు వదలదు. "అయితే విచ్చుకోని మొగ్గే," అంది కన్యకమ్మ. ఇంక దాని గురించి ఆమెకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. వాటి సొంత ఊరు మెక్సికోలో ఒక చెరువని, ఊరు పెరిగి ఆ చెరువును చాలావరకు పూడ్చేసిందని కూడా చెప్పినాడు.

"చెరువు పూడ్చి ఇండ్లు కట్టినారా? అయితే మనోళ్ళే," అంది సుబ్బలక్ష్మమ్మ. ఆ రోజు నుంచి ఆమె తొట్టె ఉన్న గదిలోకి రావడం మొదలుపెట్టింది.

నీళ్ళ సంగతి ఇక్కడే చెప్పాల. వీధి మొత్తం నమ్మింది ఏమంటే, కన్యకమ్మ ట్యాంకరు నీళ్ళు తీసుకుపోయి బల్లులకు పోస్తుందని. ఆమె ఎప్పుడూ పోయలేదు. వాళ్ళ పెరట్లో చేతిబోరు ఉంది. ఉప్పునీళ్ళు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, తలకు పోసుకుంటే వెంట్రుకలు చీపురు అవుతాయి. ఆ నీళ్ళే ఆక్సోలాటల్స్‌కు ఒంటికి పడినాయి. మనుషులు వద్దన్న నీళ్ళు అవి పుచ్చుకున్నాయి. ఈ మాట కమిటీకి చెప్పొచ్చు కదా అంటే, కమిటీ అడగలేదు. తీర్మానం చేసేముందు ఆ గడప తొక్కి తొట్టెలో ఏ నీళ్ళున్నాయో వేలు ముంచి చూసినవాడు ఒక్కడూ లేడు. నీళ్ళు లేని ఊర్లో ఎవరికి నీళ్ళు ఇయ్యాలో ఆలోచించడం కంటే ఎవరికి ఇయ్యకూడదో తేల్చడం సులువు. దానికి చెట్టునీడ చాలు.

ఆ చెట్టు సంగతి కూడా చెప్పాల. పచ్చదనం కార్యక్రమం పెట్టి ఒక ఏడు వీధి పొడుగునా మొక్కలు నాటినారు. బతికింది ఒక్క బాదం మొక్క. కన్యకమ్మ ఇంటికి అవతల మలుపులో ఉంది. ఇప్పుడు చెట్టయి, గొడుగు మాదిరి నీడ ఇస్తుంది. దానికి ఒక రేకు బోర్డు కట్టినారు, ఈ మొక్కను నాటినవారు రామలింగయ్య గారు అని. మిగిలిన మొక్కలకు కూడా అట్లాంటి బోర్డులే ఉండేవి. మొక్కలు పోయినాక బోర్డులు కూడా తీసేసినారు.

బాదం మొక్క ఒక్కటే ఎందుకు బతికిందో ఎవరూ విచారించలేదు. ఆక్సోలాటల్ తొట్టెలో నీళ్ళు కొంచెం కొంచెం మారుస్తూ ఉండాల. తీసిన నీళ్ళు పోయడానికి కన్యకమ్మ ఇంట్లో పిడికెడు మట్టి లేదు, అంతా కడపబండలే. ప్రాణమున్నవి బతికిన నీళ్ళను మురికికాలవలో పోయకూడదని సుబ్బలక్ష్మమ్మ పట్టు. అందుకని ఆ నీళ్ళు బకెట్లతో మోసి బాదం మొక్కకు పోసింది. చూసినవాళ్ళు పూలబుట్టలు కడిగిన నీళ్ళనుకున్నారు.

ఏండ్లు గడిచినాయి. భరత్‌కుమార్ ఇంకో జతను పంపినాడు. గుడ్లు పెట్టినాయి, పిల్లలైనాయి. పిల్లలు పెరిగేకొద్దీ రంగులు తేలినాయి. ఇంగ్లీషు పేర్లకు కన్యకమ్మ నోరు తిరగలేదని కాదు, ఆమెకు అవసరం లేకపోయింది. తెల్లవి మల్లెలు. బంగారు పసుపువి చామంతులు. రాగి రంగువి కనకాంబరాలు. పచ్చ కలిసిన నలుపువి మరువం. ఒక కాన్పులో ఒకే ఒకటి, లేత ఊదా రంగులో, ఒంటినిండా చుక్కలతో పుట్టింది. చలికాలంలో నెల రోజులు పూసి పోయే డిసెంబరం పువ్వు రంగు. ఫోటో చూడగానే భరత్‌కుమార్ ఫోను చేసినాడు. అట్లాంటిది తన అంగట్లో ఎప్పుడూ లేదన్నాడు.

"దీన్ని నాకు ఇయ్యండమ్మా."

"డిసెంబరం అమ్మేది కాదప్పా. ఇంట్లో పూసింది ఇంట్లోనే పెట్టుకుంటారు."

మిగిలినవాటిని పెంచుకుంటామని అడిగినవాళ్ళకు ఇచ్చేది. అయితే ఊరికే ఇచ్చేది కాదు. అడిగినవాళ్ళకు ముందు బస్సులో ఒక పొట్లం మల్లెమొగ్గలు పంపేది. తొట్టె పెట్టబోయే చోట వాటిని పెట్టి, మరుసటి రోజు సాయంత్రం ఫోటో పంపమనేది. మొగ్గలు మొగ్గలుగానే ఉంటే ఆక్సోలాటల్ పోతుంది. విచ్చుకొని ఉంటే పోదు. బెంగళూరులో ఒక పెద్ద బంగళావాళ్ళు పాత ఫోటో పంపి మోసం చేయబోయినారు. మొగ్గ రకం చూసి అది తన మల్లె కాదని కన్యకమ్మ వాళ్ళ పేరు కొట్టేసింది.

"పెండ్లిచూపులు కూడా ఇంత గట్టిగా ఉండవక్కా," అనేది బయమ్మ.

"పెండ్లికొడుక్కు ఎండ తగిలితే చావడు కదే."

ఈ ఏడు ఏప్రిల్లో చేతిబోరు దగ్గింది. కొన్ని రోజులు దగ్గి, తరువాత గాలి వదిలి, ఒక పొద్దున హ్యాండిల్ ఊరికే పైకీ కిందికీ ఆడింది. బోరు ఏజెన్సీవాడు వచ్చి చూసి, లోపల ఇంక ఏమీ లేదని చెప్పి టీ తాగి పోయినాడు. తాగేదానికి, వంటకు క్యాను నీళ్ళు కొనుక్కోవచ్చు. కానీ గోనెపట్టాలు తడిపేదానికి నీళ్ళు లేవు. తొట్టెల్లో మార్చేదానికి నీళ్ళు లేవు. ఐసుగడ్డలు తెచ్చి వేస్తే ఒక గంట చలి, మరుగంట వేడి, అది ఇంకా చేటు.

కన్యకమ్మ ఒక పిడికెడు మొగ్గలు తీసి తొట్టెల పక్కన పెట్టింది. ఇతరులకు పెట్టిన పరీక్ష తన ఇంటికి ఎప్పుడూ పెట్టుకోలేదు. మరుసటి రోజు సాయంత్రం దాకా ఆగాల్సిన పని కూడా పడలేదు. ఆ సాయంత్రానికే మొగ్గలన్నీ విచ్చుకొని గది ఘుమఘుమలాడింది.

"ఇచ్చుకుంటే మంచిదే కదా, దేవునికి పెడతా," అని సుబ్బలక్ష్మమ్మ అవి తీసుకొని, రెండడుగులు వేసి, ఆగింది. కోడలి మొగం చూసి పూలు మళ్ళీ అక్కడే పెట్టేసింది.

కన్యకమ్మ పెట్టుకున్న నియమం ప్రకారం ఆ ఇల్లు ఆక్సోలాటల్స్‌ను పెట్టుకోవడానికి పనికిరాదు.

మరుసటి పొద్దున ఆమె మొదటిసారి బాదం చెట్టు కిందికి పోయింది. కమిటీ అక్కడే ఉంది, బండల మీద, నీడలో.

"ఏమమ్మా కన్యకమ్మా, ఇన్నాళ్ళకు దయ కలిగిందే మా మీద," అన్నాడు రామలింగయ్య.

"బోరు ఎండిపోయింది అన్నా. ట్యాంకరు మా ఇంటి ముందు కూడా ఆపించు."

"ఎవురికి? నీకా, నీ బల్లులకా?"

"ఇంట్లోకి అన్నా."

"ఇంట్లో మనుషులు ముగ్గురు. బల్లులెన్ని?"

"గుడ్లతో కలిపి సెప్పాల్నా, గుడ్లు కాకనా?" అని కమిటీలో ఇంకొకాయన అందించినాడు. అందరూ నవ్వినారు.

"చూడమ్మా, ఈడ నీళ్ళకు మనుషులే తన్నుకు సస్తాండారు. నువ్వు బల్లులకు ఏసీ పెట్టినావు."

"ఏసీ కాదన్నా. గోనెపట్టా."

"ఏదో ఒగటి. అసలు వాటిని పెట్టుకునేదానికి పర్మిషన్ ఉండాదా?"

కన్యకమ్మ నోరు తెరిచేలోపు ఎదురు గడప మీద మాల కడుతున్న బయమ్మ, తల ఎత్తకుండానే, "ఉండాది అన్నా. రాజేంద్రన్న ఫారెస్టోళ్ళ కంప్యూటర్‌లో రాయించినాడు. మీ ట్యాంకరు నీళ్ళు తోడే బోరుకు ఉండాదా?" అంది.

చెట్టు కింద ఉన్నవాళ్ళు రామలింగయ్య దిక్కు చూసినారు. ట్యాంకరు నింపే బోరు రామలింగయ్య బామ్మర్దిది.

"బయమ్మా, నీకు ఈ ఎండాకాలం నీళ్ళు కావాల్నా, వద్దా?"

"కావాల. అందుకే ఇంగ మాట్లాడను," అని బయమ్మ దారం కొరికింది.

రామలింగయ్య గొంతు మెత్తగా చేసినాడు. "చూడు తల్లీ, నేనేమన్నా పగవాణ్ణా? వాటినన్నిటినీ ఎవురికన్నా ఇచ్చేయి. మరుసటి రోజే దేవేంద్ర నీ గడప ముందు బండి ఆపుతాడు. నేను మాటిస్తాండా. ఒగటి మిగిలినా లేదు. తీర్మానం తీర్మానమే."

కన్యకమ్మ తల ఊపి ఇంటికి వచ్చింది. ఆ వారమే మొగ్గల పరీక్ష నెగ్గిన ఇండ్లకు ఒక్కొక్కటిగా పంపింది. చామంతులు ఒక డాక్టరమ్మ ఇంటికి, కనకాంబరాలు ఒక బడికి, మల్లెలు, మరువం భరత్‌కుమార్ దగ్గరికి. పూలు పోయే బస్సులోనే, పూలు పోయే పెట్టెల్లోనే పోయినాయి. ఈసారి పెట్టెలు తారుమారు కాకుండా ఒక్కోదానికి ఎర్రదారం కట్టింది. తాను పెట్టిన నియమం తన మీదికే వస్తే తప్పించుకునే మనిషి కాదు.

డిసెంబరం ఒక్కటి మిగిలింది. దాని పెట్టె కూడా సిద్ధం చేసింది. చేతిలోకి తీసుకుంటే కుచ్చులు ముందుకు ముడుచుకొని ఉన్నాయి, తోక చివర కొక్కెం మాదిరి వంగింది. అంతకుముందు తొట్టెలో ఇంకొకటి ముందరికాలు కొరికింది కూడా. ఫోన్లో చూసి భరత్‌కుమార్, ఈ స్థితిలో బస్సెక్కిస్తే బెంగళూరు చేరదన్నాడు. కన్యకమ్మ పెట్టెను విప్పేసింది.

ఒకటి మిగిలింది. తీర్మానం తీర్మానమే. ట్యాంకరు ఆగలేదు.

వెడల్పు నోటి మట్టిబాన ఒకటి తెచ్చి, తడి ఇసుకలో సగం పూడ్చి, డిసెంబరాన్ని అందులో ఉంచింది. బానకు కావలసిన నీళ్ళు మనుషుల నీళ్ళలోంచి మిగిలినాయి. బయమ్మ తన వంతు నీళ్ళలో ఒక బిందెను కన్యకమ్మ గోడ పక్కన మరిచిపోవడం మొదలుపెట్టింది. ఖాళీ బిందె పొద్దున్నే ఆమెకు గుర్తొచ్చేది. రాజేంద్ర బస్టాండు దగ్గరే స్నానం చేసి వచ్చేవాడు. సుబ్బలక్ష్మమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రెండుపూటలా స్నానం చేసే మనిషి. సాయంత్రం స్నానం మానేసింది.

"ఏమత్తా?"

"చలిగా ఉండాది," అంది. బయట మే నెల.

అన్ని తొట్టెలు పోయినాక బాదం చెట్టుకు పోసే నీళ్ళు కూడా పోయినాయి. చెట్టు మొదట ఆకులు ఎర్రబరిచింది. పండుటాకులు అనుకున్నారు. తరువాత పచ్చివి కూడా రాలినాయి. నీడ ఇంతింతగా చిరిగింది. కమిటీ ఒక బండ మీదినుంచి ఇంకో బండ మీదికి, ఆ తరువాత చెట్టు మొదలుకు ఆనుకొని, చివరకు లేచి నిలబడింది. ఆకులు లేకపోయేసరికి బోర్డు మీద పేరు మాత్రం వీధి మొదటి నుంచి కూడా బాగా కనిపించింది.

రామలింగయ్య చెట్టు చుట్టూ తిరిగి బెరడు గోకి చూసినాడు. "ఎవురో యాసిడ్ పోసినారు దీనికి."

"ఎవురూ ఏమీ పోయలేదన్నా," అంది బయమ్మ గడప మీదినుంచి. "పోసేదాన్ని మీరే ఆపినారు."

"మాట్లాడనంటివే?"

"చెట్టు ఎండిపోతాంటే యాడ ఊరుకునేది. మొక్కగా ఉండినప్పటి నుంచి దీనికి నీళ్ళు పోసింది కన్యకమ్మక్క. బల్లుల తొట్టెల్లో తీసిన నీళ్ళు. ఇన్నేండ్లు మీరు కూసున్నది ఆ బల్లుల నీడలోనే అన్నా."

"నాటింది నేను."

"నాటింది మీరే. ఫోటో కూడా ఉండాది. మరుసటి రోజు యాడుంటిరి?"

రామలింగయ్య చెట్టును చూసినాడు, బోర్డును చూసినాడు. ఎండిన చెట్టుకు తన పేరు వేలాడడం ఆయనకు నచ్చలేదు. ఆ రోజే, ఎండలోనే, కమిటీ ఒక తీర్మానం చేసింది. బాదం చెట్టుకు ట్యాంకరు నీళ్ళు ఇయ్యాల. ఒక్కరూ కాదనలేదు. కన్యకమ్మ పేరు అందులో రాలేదు. పాత తీర్మానం జోలికి ఎవరూ పోలేదు.

దేవేంద్ర పైపు పట్టుకొని చెట్టు ముందు నిలబడి తల గీరుకున్నాడు. "ఒక్కసారి వదిలితే అంతా కాలవలోకి పోతాదన్నా. కింద అంతా బండ. కొంచెం కొంచెం పోస్తాండాల. ఎవురు పోస్తారు?"

కమిటీలో ఒక్కరూ ముందుకు రాలేదు. ఎవరి అంగడి వాళ్ళకుంది.

"అలవాటుండేవాళ్ళు పోస్తారు," అంది బయమ్మ.

ఆ విధంగా కన్యకమ్మ గడప ముందు ఒక నీలం డ్రమ్ము వచ్చింది. దాని మీద తెల్ల పెయింటుతో చెట్టు అని రాసినారు. దేవేంద్ర ఇప్పుడు ఆమె గడప ముందు బండి ఆపుతాడు. మొగం తిప్పుకోడు. డ్రమ్ము నింపి పోతాడు.

కన్యకమ్మ డ్రమ్ములో నీళ్ళు లోపలికి మోసుకుపోతుంది. ఆ నీళ్ళతో గోనెపట్టా తడుపుతుంది, బానలో నీళ్ళు మారుస్తుంది. బానలోంచి తీసినవి, గోనెపట్టా నుంచి కారినవి బకెట్లో పట్టి చెట్టుకు పోస్తుంది. మిగిలినవి కూడా చెట్టుకే. దారిలో కొంచెం ఆలస్యమవుతుంది, అంతే.

ఒకరోజు రామలింగయ్య ఎదురుపడి, "నీళ్ళు చెట్టుకే పోస్తాండావు కదమ్మా?" అని అడిగినాడు.

"చెట్టుకే అన్నా. వచ్చి చూడు."

ఆయన రాలేదు. ఆ గడప తొక్కకుండా ఉండడం ఆయనకు అలవాటైపోయింది.

బాదం చెట్టు కొసల్లో లేతాకులు వేసింది. డిసెంబరం కుచ్చులు విచ్చుకున్నాయి, తోక సరిగ్గా అయింది. కొరుక్కుపోయిన కాలు, వేళ్ళతో సహా, మళ్ళీ మొలిచింది. వాటికి అట్లా మొలుస్తాయి. పాత తీర్మానం మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఒక సాయంత్రం కన్యకమ్మ బాన పక్కన ముందురోజు పెట్టిన మొగ్గలను చూసింది. అన్నీ మూసుకొనే ఉన్నాయి. సుబ్బలక్ష్మమ్మ వచ్చి తొంగిచూసి, "దేవునికి ఇంగ యాడనుంచి తెచ్చేది?" అని గొణుక్కుంటూ పోయింది.

ఆ పూటే బయమ్మ వంటింటి గడప దగ్గర కూర్చొని అడిగింది. "అక్కా, డ్రమ్ములో నిండా నీళ్ళుండాయి. క్యాను నీళ్ళు కొనేదెందుకు? ఒక చెంబు ముంచుకొని పప్పుకు పెట్టుకోరాదా?"

"డ్రమ్ము మీద ఏమి రాసినారో చూడు."

"చెట్టు."

"మా పేరు రాసిన రోజు ముంచుకుంటాలే," అని కన్యకమ్మ క్యాను వంచి గిన్నెలోకి నీళ్ళు వంపింది.

ఇప్పటికి సంగతి ఇది. పూలకట్ట వీధిలో చెట్టుకు ట్యాంకరు ఉంది. చెట్టు పుణ్యాన ఒక నీళ్ళబల్లికి ఉంది. ఇన్నేండ్లు ఆ చెట్టుకు నీళ్ళు మోసిన మనిషికి, ఆమె భర్తకు, ముసలి అత్తకు లేదు.

ఇది చదివినవాళ్ళు చేయవలసింది కష్టమైన పని కాదు. మీ వీధికి ట్యాంకరు వచ్చినప్పుడు మీ బిందె నిండగానే లోపలికి పోకండి. గడపలోనే నిలబడి అది వీధి చివరి దాకా పోయేది చూడండి. ఏ ఇంటి ముందు ఆగకుండా పోతుందో చూడండి. ప్రతి ఊర్లో అట్లాంటి ఇల్లు ఒకటి ఉంటుంది. కులమనో, బాడుగకున్నారనో, చందా ఇయ్యలేదనో, బల్లులున్నాయనో, కారణం ఏదో ఒకటి చెట్టు కింద తయారై ఉంటుంది. ఆ ఇంటికి పోయి తలుపు తట్టి అడగండి. తరువాత, మళ్ళీ ట్యాంకరు వచ్చిన రోజు, మీ ఖాళీ బిందెను మీ ఇంటి ముందు పెట్టకండి. ఆ ఇంటి ముందు పెట్టి, పక్కన నిలబడండి.